సదరం సర్టిఫికెట్ పెన్షన్‌కే కాదు, డిగ్రీకి కూడా పనికొస్తుంది

మన ఇళ్లలో చాలాచోట్ల బీరువా పైఅరలో ఒక ప్లాస్టిక్ కవర్ ఉంటుంది. అందులో రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు, పదో తరగతి మెమో ఉంటాయి. వాటి మధ్యలో మడతలు నలిగిపోయిన సదరం సర్టిఫికెట్ ఉంటుంది. అది ఎందుకని అడిగితే ఇంటిల్లిపాదీ ఒకటే మాట చెబుతారు, "పెన్షన్ కోసం" అని. తెలంగాణలో నెలకు 4,016 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 6,000 రూపాయలు వస్తున్నాయి కదా, ఇంకేం కావాలి అనుకుంటాం.

అదే సర్టిఫికెట్‌తో ఇంటర్ పాసైన పిల్లలకు యూనివర్సిటీలో సీటు రావచ్చు. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, స్కాలర్‌షిప్, హాస్టల్‌లో గ్రౌండ్ ఫ్లోర్ గది అడిగే హక్కు కూడా వస్తుంది. ఈ సంగతి తెలియకనే చాలామంది పిల్లల చదువు ఇంటర్‌తో ఆగిపోతోంది.

ఇంట్లో మాటలు ఎలా నడుస్తాయో మనకు తెలుసు. "ఇంతవరకు చదివాడు, చాలు. రోజూ ఎవరు దింపుతారు? పరీక్ష ఎవరు రాస్తారు?" అని దాదీ అంటుంది. "ఫీజు కట్టి చదివించినా ఎవరు ఉద్యోగం ఇస్తారు?" అని అబ్బా ఆలోచిస్తారు. అమ్మాయి అయితే ఇంకో మాట కూడా వస్తుంది. "పీహెచ్ అని ఫారంలో రాస్తే ఊరంతా తెలుస్తుంది. రేపు రిష్తా ఎలా వస్తుంది?" ఈ మాటల్లో ప్రేమ ఉంది, భయం కూడా ఉంది. ఆ భయాలకు ఒక్కొక్కటిగా జవాబు చెప్పుకుందాం.

ముందు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఈ సేవలు చాలావరకు వాటంతట అవి మన దగ్గరికి రావు. అడగాలి, కాగితం మీద అడగాలి, టైమ్‌కి అడగాలి.

చట్టం ఏం చెబుతోంది?

దివ్యాంగుల హక్కుల చట్టాన్ని పార్లమెంటు 2016లో చేసింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అది అమల్లో ఉంది. అంతకుముందున్న 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. ఇప్పుడు 21 రకాలు ఉన్నాయి. చూపు, వినికిడి, కాళ్లూచేతుల ఇబ్బందులతో పాటు సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, కండరాల క్షీణత, డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలు, మానసిక అనారోగ్యం, తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ కూడా అందులో ఉన్నాయి. యాసిడ్ దాడికి గురైనవాళ్లు కూడా ఈ చట్టం కిందికి వస్తారు.

"మా వాడికి కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి, తలసేమియా మాత్రమే. ఈ సర్టిఫికెట్ మాకెందుకు?" అని అడిగే తల్లిదండ్రులు ఉన్నారు. రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకునే పిల్లాడికి కాలేజీలో హాజరు తగ్గుతుంది. రక్తం ఎక్కించుకునే రోజే పరీక్ష పడుతుంది. అలాంటప్పుడు అతనికి ఈ చట్టమే ఆధారం.

చదువు విషయంలో మూడు సెక్షన్లు తెలుసుకుంటే చాలు. 32వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలు, ప్రభుత్వ ఎయిడ్ తీసుకునే సంస్థలు కనీసం 5 శాతం సీట్లు దివ్యాంగులకు కేటాయించాలి. గరిష్ఠ వయసులో ఐదేళ్ల సడలింపు కూడా ఇవ్వాలి. దీనికి వైకల్యం 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. 17వ సెక్షన్ పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబ్, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు లాంటి మార్పుల గురించి చెబుతుంది. 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ నిధులు గానీ గుర్తింపు గానీ ఉన్న విద్యాసంస్థలు దివ్యాంగులను వివక్ష లేకుండా చేర్చుకుని, భవనాలు, క్యాంపస్ వాళ్లకు అనువుగా ఉండేలా, ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాట్లు చేసేలా ప్రభుత్వాలు చూడాలి.

"తగిన సర్దుబాటు" అనే మాటే అన్నిటికంటే ముఖ్యం. తోటి పిల్లలతో సమానంగా చదవడానికి ఈ విద్యార్థికి ఏం కావాలో అది చేయడం అని దాని అర్థం. ఒకరికి ర్యాంపు కావాలి. ఇంకొకరికి పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం కావాలి. మరొకరికి ముందు బెంచీలో చోటు కావాలి. ఇది ఎవరో దయతో చేసే సాయం అనుకోకండి. చట్టం ఇచ్చిన హక్కు ఇది.

ముందు కాగితాలు సరిచేసుకోండి

మొదటి పని యూడీఐడీ కార్డు. దేశమంతా చెల్లే ఒకే గుర్తింపు కార్డు ఇది. కేంద్ర ప్రభుత్వ స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి. పాత సదరం సర్టిఫికెట్ ఉన్నవాళ్లు కూడా యూడీఐడీ తీసుకోవడం మంచిది. కేంద్ర స్కాలర్‌షిప్‌లకు, జాతీయ ప్రవేశ పరీక్షలకు ఆ నంబరే అడుగుతున్నారు. దరఖాస్తు చేయడం రాకపోతే తెలంగాణలో మీసేవకు, ఆంధ్రాలో గ్రామ, వార్డు సచివాలయానికి వెళ్లి అడగండి.

రెండో పని, సర్టిఫికెట్ మీద "టెంపరరీ" అని ఉందో "పర్మనెంట్" అని ఉందో చూసుకోవడం. చిన్నప్పుడు తీసుకున్నవి చాలావరకు కొన్నేళ్లకే ఇస్తారు. కౌన్సెలింగ్ రోజు గడువు తీరిన సర్టిఫికెట్ పట్టుకెళ్తే అంత కష్టపడి తెచ్చుకున్న ర్యాంకు ఉపయోగపడదు. ఇంటర్ మొదటి సంవత్సరంలోనే తేదీ చూసుకుని రెన్యువల్‌కి వెళ్లండి.

మూడోది మన ఇళ్లలో ఎక్కువగా వచ్చే సమస్య, పేర్లు. పదో తరగతి మెమోలో "మహమ్మద్", ఆధార్‌లో "ఎండీ", సదరంలో "మొహమ్మద్" అని ఉంటుంది. "షేక్" ఒకచోట పేరుకు ముందు, ఇంకోచోట చివర. అమ్మాయిల పేర్లలో "బేగం", "బీ", "సుల్తానా" ఒక కాగితంలో ఉంటే ఇంకో కాగితంలో ఉండవు. మనకు మనిషి ఒక్కరే. కంప్యూటర్‌కి మాత్రం ముగ్గురు. పదో తరగతి మెమోలో ఉన్న స్పెల్లింగునే ప్రమాణంగా పెట్టుకుని, ముందు ఆధార్, తర్వాత యూడీఐడీ, ఆ తర్వాత బ్యాంకు ఖాతా, ఈ వరుసలో సరిచేయించండి.

సీటు దగ్గర: బీసీ-ఇ వేరు, పీహెచ్ వేరు

ఇక్కడ మన కుటుంబాల్లో పెద్ద అపోహ ఉంది. "మాకు బీసీ-ఇ ఉంది కదా, రెండూ ఎలా ఇస్తారు?" అని కొందరు పీహెచ్ కాలమ్ వదిలేస్తారు. రెండూ పెట్టుకోవచ్చు. బీసీ-ఇ 4 శాతం సామాజిక వర్గాన్ని బట్టి వచ్చే కోటా. దివ్యాంగుల కోటా అన్ని వర్గాల్లోనూ ఉంటుంది. ఓసీలో ఓసీ పీహెచ్ ఉన్నట్టే బీసీ-ఇలో బీసీ-ఇ పీహెచ్ ఉంటుంది. దూదేకుల కుటుంబాలకు బీసీ-బి వర్తిస్తుంది. వాళ్లకూ ఇదే లెక్క.

సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలు బీసీ-ఇ కిందికి రావు. "మాకు ఏ రిజర్వేషనూ లేదు" అని వాళ్లు మొదటే ఆశ వదిలేసుకుంటారు. దివ్యాంగుల కోటాకు కులంతో, వర్గంతో సంబంధం లేదు. 40 శాతం వైకల్యం ఉన్న సయ్యద్ కుటుంబం అమ్మాయి కూడా ఓపెన్ కేటగిరీలో పీహెచ్ కింద సీటు అడగవచ్చు.

ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో అయినా, తెలంగాణ డిగ్రీ సీట్ల దోస్త్‌లో అయినా ప్రత్యేక కేటగిరీ వాళ్లకు సర్టిఫికెట్ వెరిఫికేషన్ తరచుగా వేరే రోజు, వేరే సెంటర్‌లో పెడతారు. నోటిఫికేషన్‌లో ఆ ఒక్క లైను చదవకపోతే కోటా పోతుంది. కొన్ని కోర్సులకు మెడికల్ బోర్డు ముందు మళ్లీ హాజరు కావాల్సి ఉంటుంది. ఒరిజినల్ సర్టిఫికెట్, పాత మెడికల్ రిపోర్టులు వెంట పెట్టుకోండి.

మెడిసిన్ చదవాలనుకునే పిల్లలకు ఒక మంచి మాట ఉంది. మాట్లాడటంలో ఇబ్బంది ఉన్న ఒక విద్యార్థికి వైకల్యం 40 శాతం దాటిందని ఎంబీబీఎస్ సీటు నిరాకరించారు. ఆ కేసులో 2024 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. శాతం ఎంత ఉందన్నది ఒక్కటే చూసి తలుపు మూయకూడదు, ఆ విద్యార్థి కోర్సు చదవగలడా లేదా అని బోర్డు పరిశీలించాలి అని చెప్పింది. కాబట్టి "ఇంత శాతం ఉంటే డాక్టర్ కాలేడు" అని ఎవరో చెప్పగానే వెనక్కి రాకండి.

క్యాంపస్‌లో ఎవరిని కలవాలి?

సీటు వచ్చాక మొదటి వారంలోనే ఒక పని చేయాలి. యూనివర్సిటీలో ఈక్వల్ ఆపర్చునిటీ సెల్ లేదా దివ్యాంగుల సెల్ ఎక్కడుందో కనుక్కోండి. అనుబంధ కాలేజీ అయితే ఆ బాధ్యత చూసే అధ్యాపకులు ఎవరో ప్రిన్సిపాల్‌ను అడగండి. అక్కడ పేరు నమోదు చేయించి, ఏమేం కావాలో రాసి ఇవ్వండి. యూనివర్సిటీలు దివ్యాంగులకు అనువుగా ఉండాలని యూజీసీ 2022లో ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి మీరు అడిగేది వాళ్లకు కొత్త విషయం కాదు.

ఏం అడగాలో తెలియక చాలామంది "ఏదైనా హెల్ప్ చేయండి సార్" అంటారు. అలా అడిగితే ఏమీ రాదు. అవసరం ఏమిటో విడమరిచి చెప్పాలి.

చూపు ఇబ్బంది ఉంటే: నోట్సు, పాఠాలు కంప్యూటర్ ఫైలుగా ఇవ్వమనండి. ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపిస్తుంది. తెలుగు, ఉర్దూ కూడా పలుకుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ ముందే ఉంటుంది. అయితే ఒక చిక్కుంది. పాత ఉర్దూ నోట్సు ఇన్‌పేజ్‌లో టైపు చేసి బొమ్మల్లా దాచి ఉంటాయి. పాత తెలుగు నోట్సు అను ఫాంట్లలో ఉంటాయి. మొదటిదాన్ని ఈ సాఫ్ట్‌వేర్ అసలు చదవలేదు. రెండోదాన్ని అర్థంలేని అక్షరాలుగా చదువుతుంది. అందుకే "యూనికోడ్‌లో ఇవ్వండి" అని స్పష్టంగా అడగాలి.

పుస్తకాల కోసం 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది. అచ్చు పుస్తకం చదవలేనివాళ్లు అందులో సభ్యులై వినే పుస్తకాలు, బ్రెయిలీ ఫైళ్లు తీసుకోవచ్చు. "పుస్తకం స్కాన్ చేస్తే కాపీరైట్ కేసు అవుతుంది" అని లైబ్రేరియన్ భయపడితే, 2012 సవరణ గురించి చెప్పండి. వైకల్యం ఉన్నవారి కోసం పుస్తకాన్ని చదవగలిగే రూపంలోకి మార్చుకోవడానికి కాపీరైట్ చట్టమే అనుమతి ఇస్తోంది.

వినికిడి ఇబ్బంది ఉంటే: ముందు వరుసలో చోటు, ముందుగా రాతలో నోట్సు, వీడియో పాఠాలకు కింద అక్షరాలు, అవసరమైతే సైగల భాష దుబాసీ కావాలని అడగండి. లెక్చరర్ బోర్డు వైపు తిరిగి మాట్లాడితే పెదవుల కదలిక చూసి అర్థం చేసుకునే పిల్లాడికి ఏమీ అందదు. ఈ చిన్న మాట లెక్చరర్‌కి చెప్పినా ఎంతో తేడా వస్తుంది. లైవ్ ట్రాన్‌స్క్రైబ్ అనే ఫోన్ యాప్ ఎదుటివాళ్ల మాటను తెలుగులో, ఉర్దూలో అక్షరాలుగా చూపిస్తుంది.

వినికిడి పరీక్షలకు, సలహాకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆ సంస్థకు పేరు పెట్టింది మన హైదరాబాద్ వ్యక్తి పేరే. అలీ యావర్ జంగ్ ఉస్మానియాకు, అలీగఢ్‌కు వైస్ చాన్సలర్‌గా పనిచేశారు.

నడకలో ఇబ్బంది ఉంటే: మొదటి రోజే టైమ్‌టేబుల్ చూడండి. ఒక క్లాసు గ్రౌండ్ ఫ్లోర్‌లో, తర్వాతి క్లాసు మూడో అంతస్తులో, లిఫ్టు లేదు అనుకోండి. అప్పుడు ఆ సెక్షన్ క్లాసునే కిందికి మార్చమని అడగవచ్చు. లిఫ్టు కట్టడానికి ఏళ్లు పడుతుంది, గది మార్చడానికి ఒక్క రోజు చాలు. బాత్రూమ్ ఎక్కడుంది, వీల్‌చైర్ లోపలికి వెళ్తుందా అన్నది కూడా చూసుకోండి. అమ్మాయిలు ఈ ఇబ్బంది నోరు విప్పి చెప్పరు. పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా ఉండి జబ్బు తెచ్చుకుంటారు. అమ్మీ ఒకసారి స్వయంగా వెళ్లి చూసి రావాలి.

అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, రక్త సంబంధ వ్యాధులు ఉంటే: బయటికి కనబడవు కాబట్టి "బద్ధకం" అంటారు. సర్టిఫికెట్ ఉంటే ఆ మాటకు జవాబు ఉన్నట్టే. హాజరు సడలింపు, ఇంటర్నల్ పరీక్ష మరో రోజు పెట్టడం, అసైన్‌మెంట్‌కి గడువు పెంచడం లాంటివి రాతపూర్వకంగా అడగండి. చికిత్స తేదీల కాగితం జత చేయండి.

పరీక్ష ఎవరు రాస్తారు?

చూపు లేనివాళ్లు, రెండు చేతులకూ ఇబ్బంది ఉన్నవాళ్లు, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లు కోరితే స్క్రైబ్‌ను ఇవ్వాలని 2018 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పాయి. 40 శాతం పైన ఇతర వైకల్యాలు ఉండి రాయలేనివాళ్లు ప్రభుత్వ ఆసుపత్రి సివిల్ సర్జన్ లేదా సూపరింటెండెంట్ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అదనపు సమయం గంటకు కనీసం 20 నిమిషాలు. అంటే మూడు గంటల పరీక్షకు ఇంకో గంట. స్క్రైబ్ అర్హత తీసుకున్నా స్వయంగా రాసుకోగలిగినవాళ్లకు కూడా ఈ సమయం ఇవ్వాలి.

40 శాతం కంటే తక్కువ ఉంటే? సివిల్స్ రాసే ఒక అభ్యర్థికి చేతితో రాయడంలో ఇబ్బంది ఉంది. 40 శాతం వైకల్యం లేదని స్క్రైబ్‌ను నిరాకరించారు. 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పు ఇచ్చింది. సీట్ల రిజర్వేషన్‌కు 40 శాతం కావాలి గానీ, స్క్రైబ్ లాంటి సర్దుబాటుకు ఆ గీత పెట్టకూడదని చెప్పింది. దాని తర్వాత 2022 ఆగస్టులో 40 శాతం లోపు ఉండి రాయడంలో ఇబ్బంది ఉన్నవాళ్ల కోసం వేరే మార్గదర్శకాలు వచ్చాయి.

ఇది కాగితం మీద ఉంటే సరిపోదు. పరీక్ష కేంద్రంలో ఉన్న ఇన్విజిలేటర్‌కు తెలిసి ఉండాలి. 2021 నీట్‌లో రాత ఇబ్బంది ఉన్న ఒక విద్యార్థినికి రావాల్సిన అదనపు గంట ఇవ్వకుండా జవాబు పత్రం లాక్కున్నారు. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లింది. అన్యాయం జరిగిందని కోర్టు ఒప్పుకుంది, పరీక్ష నిర్వహించే సంస్థను సరిదిద్దమంది. కానీ పరీక్ష మళ్లీ పెట్టమని మాత్రం చెప్పలేదు. పోయిన గంట తర్వాత తిరిగి రావడం ఎంత కష్టమో చూడండి. అందుకే అనుమతి పత్రం ముందే తీసుకుని, ఒక రోజు ముందు సెంటర్‌కి వెళ్లి చీఫ్ సూపరింటెండెంట్‌కి చూపించి రావాలి.

ప్రైవేట్ డిగ్రీ కాలేజీలో చదివినా సెమిస్టర్ పరీక్షలు పెట్టేది యూనివర్సిటీయే. కాబట్టి అనుమతి ఇవ్వాల్సింది అక్కడి పరీక్షల విభాగం. దరఖాస్తు ప్రిన్సిపాల్ ద్వారా వెళ్లాలి. స్క్రైబ్ చదువు ఎంతవరకు ఉండాలో ప్రతి పరీక్ష నోటిఫికేషన్‌లో రాస్తారు. సాధారణంగా అభ్యర్థి కంటే తక్కువ చదివినవాళ్లను అడుగుతారు.

డబ్బు సంగతి

స్కాలర్‌షిప్‌ల కోసం ముందుగా చూడాల్సింది నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్. దివ్యాంగుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఇంటర్ నుంచి పీజీ వరకు ఉంది. కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షలు దాటకూడదు. ఎంపిక చేసిన పెద్ద సంస్థల్లో చదివేవాళ్లకు టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ ఉంది, దాని ఆదాయ పరిమితి 8 లక్షలు. ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ లాంటి సాంకేతిక కోర్సుల వాళ్లకు ఏఐసీటీఈ "సక్షమ్" కింద ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తుంది. దానికీ ఆదాయ పరిమితి 8 లక్షలే. పీహెచ్‌డీ చేసేవాళ్లకు జాతీయ ఫెలోషిప్ వేరుగా ఉంది. ఐఐటీల్లో దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు ఉండదు.

పోర్టల్‌లో దరఖాస్తు పెట్టగానే పని అయిపోయినట్టు కాదు. కాలేజీ నోడల్ అధికారి దాన్ని ఆన్‌లైన్‌లో ఆమోదించాలి. చాలా దరఖాస్తులు అక్కడే ఆగిపోతాయి. వారానికోసారి స్టేటస్ చూసుకుంటూ, ఆగితే ఆఫీసుకు వెళ్లి అడగండి. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు ఉండాలి. ఆదాయ సర్టిఫికెట్ కొత్తది ఉండాలి.

వీల్‌చైర్, హియరింగ్ ఎయిడ్, చేతికర్ర, స్మార్ట్ కేన్ లాంటి పరికరాలకు కేంద్రం అడిప్ పథకం ఉంది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఉచితంగా ఇస్తారు. జిల్లా కలెక్టరేట్‌లో దివ్యాంగుల సంక్షేమ శాఖ ఆఫీసు ఉంటుంది. ఆంధ్రాలో దాన్ని విభిన్న ప్రతిభావంతుల శాఖ అంటారు. క్యాంపులు ఎప్పుడు పెడతారో అక్కడ తెలుస్తుంది.

కాదంటే ఏం చేయాలి?

నోటితో అడిగితే నోటితోనే కాదంటారు. రాసి ఇస్తే జవాబు చెప్పాల్సి వస్తుంది. దరఖాస్తు ఇలా ఉంటే చాలు.

"పరీక్షల కంట్రోలర్ గారికి, ప్రిన్సిపాల్ గారి ద్వారా. అయ్యా, నేను మీ కాలేజీలో బీఏ మొదటి సంవత్సరం చదువుతున్నాను. నాకు 75 శాతం చూపు వైకల్యం ఉంది. యూడీఐడీ కార్డు నకలు జత చేశాను. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం ఈ సెమిస్టర్ పరీక్షలకు నాకు స్క్రైబ్‌ను, గంటకు 20 నిమిషాల అదనపు సమయాన్ని, గ్రౌండ్ ఫ్లోర్‌లో గదిని ఇప్పించగలరు. మీ నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలియజేయగలరు."

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ఇన్‌వార్డ్ స్టాంపు, తేదీ వేయించుకోండి. ఆ స్టాంపు ఉన్న కాగితాన్ని కూడా బీరువాలో ఆ కవర్‌లోనే దాచండి.

జవాబు రాకపోతే, ప్రభుత్వ సంస్థల్లో చట్టం ప్రకారం ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి, ఆయనకు రాయండి. అప్పటికీ కాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి. హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి కేంద్ర సంస్థలైతే ఢిల్లీలోని చీఫ్ కమిషనర్‌కు పంపాలి. లాయర్ లేకుండా మీరే రాయవచ్చు. అధికారులను పిలిపించి విచారించడానికి కమిషనర్‌కు సివిల్ కోర్టుకు ఉండే అధికారాలు ఉన్నాయి. "పీహెచ్ కోటాలో ఎన్ని సీట్లు ఉన్నాయి, ఎన్ని నింపారు?" అని పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టినా కొన్నిసార్లు పని కదులుతుంది.

ఇలా పట్టుబట్టి చదివినవాళ్లు మన మధ్యే ఉన్నారు. మచిలీపట్నం దగ్గరి పల్లెలో చూపు లేకుండా పుట్టిన శ్రీకాంత్ బొల్లాకు పదో తరగతి తర్వాత సైన్స్ గ్రూపు కుదరదన్నారు. ఆయన కోర్టుకు వెళ్లి ఆ సీటు సాధించారు. అమెరికాలోని ఎంఐటీలో చదివి, హైదరాబాద్ తిరిగొచ్చి సొంత కంపెనీ పెట్టి, వైకల్యం ఉన్నవాళ్లకు ఉద్యోగాలు ఇచ్చారు. ఆయన జీవితం మీద 2024లో హిందీ సినిమా కూడా వచ్చింది. అందరికీ ఎంఐటీ అక్కర్లేదు. మన ఊరి డిగ్రీ కాలేజీ నుంచి బీఏ పూర్తిచేసి టీచర్ అయినా ఇంటికి అది పెద్ద మార్పే. పైగా ప్రభుత్వ ఉద్యోగాల్లోనూ దివ్యాంగులకు కనీసం 4 శాతం రిజర్వేషన్ ఉంది. "ఎవరు ఉద్యోగం ఇస్తారు" అన్న అబ్బా ప్రశ్నకు అది కూడా ఒక జవాబు.

ఇక రిష్తా మాట

అమ్మాయి విషయంలో వచ్చే భయం గురించి కూడా సూటిగా మాట్లాడుకుందాం. ఫారంలో పీహెచ్ అని రాస్తే ఆ సమాచారం యూనివర్సిటీ ఆఫీసులో ఉంటుంది. మొహల్లాలో బోర్డు మీద పెట్టరు. పైగా పెళ్లి సంబంధం వచ్చినప్పుడు ఆ విషయం దాచి చేసిన పెళ్లి ఎవరికీ మంచి చేయదు. అవతలివాళ్లకు ఎలాగూ చెప్పాల్సిందే. అప్పుడు ఆ అమ్మాయి చేతిలో డిగ్రీ ఉంటే మంచిదా, లేకపోతే మంచిదా? కోటా వదిలేసుకుంటే సీటు పోతుంది, స్కాలర్‌షిప్ పోతుంది, పరీక్షలో గంట పోతుంది. వైకల్యం మాత్రం ఎక్కడికీ పోదు.

హాస్టల్ అయితే అమ్మాయికి గ్రౌండ్ ఫ్లోర్ గది, దగ్గరలో బాత్రూమ్, నమ్మకమైన రూమ్‌మేట్ కావాలని అడ్మిషన్ రోజే వార్డెన్‌కు రాసివ్వండి. గదులన్నీ కేటాయించాక అడిగితే మార్చడం కష్టం.

మనం చేయగలిగింది

ఒక డిగ్రీ విద్యార్థికి స్క్రైబ్ దొరకక పరీక్ష పోవడం చిన్న విషయం కాదు. మన వీధిలోనే ఇంటర్ చదివే పిల్లలు ఎంతమంది లేరు? చేతిరాత బాగుండి, రోజుకు మూడు నాలుగు గంటలు కూర్చోగలిగిన పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు మసీదు కమిటీ గానీ, మొహల్లా యువకులు గానీ ఒక పుస్తకంలో రాసి పెట్టుకుంటే చాలు. పరీక్షల నెలలో ఎవరికో ఒకరికి ఏడాది మిగులుతుంది. సచివాలయం, మీసేవ, పోర్టల్ పనులు తెలిసిన భాయ్ ఒకరు నెలకో ఆదివారం కూర్చుని యూడీఐడీ, స్కాలర్‌షిప్ ఫారాలు నింపిపెట్టినా అదే మేలు.

ఇంట్లో ఈ వారం చేయాల్సింది ఒక్కటే. బీరువా తెరిచి ఆ కవర్ తీయండి. సర్టిఫికెట్ మీద పేరు, శాతం, గడువు తేదీ చూడండి. పిల్లాడినో పిల్లనో పక్కన కూర్చోబెట్టుకుని "నీకేం చదవాలని ఉంది?" అని అడగండి. చాలా ఇళ్లలో ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడిగి ఉండరు.